గైర్హాజరిక

ఉప్పరమెట్ట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే లోలుగు దమయంతికి ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏనాడూ మెమో రాలేదు. తీరా మొదటి మెమో వచ్చినప్పుడు ఆమె మీద మోపిన నేరం, ఒక విద్యార్థినిని బడికి రప్పించడం. అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ట్యాబు సంగతి చెప్పుకోవాలి.

ఆ ఏడు బడులు తెరిచేసరికి హాజరు వేయడానికి ప్రతి హైస్కూలుకీ ఒక ట్యాబు వచ్చింది. రిజిస్టరులో అయితే రాని పిల్లల పేరు ఎదురుగా ఓ సున్నా చుట్టి ఊరుకోవచ్చు. ట్యాబు అలా ఊరుకోదు. ఎందుకు రాలేదని అడుగుతుంది. "జ్వరం" అని కొడితే "కారణం అసంపూర్ణం. కనీసం మూడు వాక్యాలలో వివరించగలరు" అని ఎర్రక్షరాలు చూపిస్తుంది. జ్వరం గురించి మూడు వాక్యాలు రాయడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. లెక్కల మాస్టారూ, సైన్సు మేడమూ ఒకరి తర్వాత ఒకరు కుస్తీ పట్టి, ఇది తెలుగువాళ్ల పనేనని తేల్చి, ట్యాబు తెచ్చి దమయంతి బల్ల మీద పెట్టేశారు.

తొమ్మిదో తరగతి చదివే బడే నీలవేణి వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. దమయంతి ఆ పిల్ల తల్లి ఫోనుకి చేస్తే పిల్లే ఎత్తి ఉన్నమాట చెప్పింది.

"అమ్మతో జీడిపిక్కల షెడ్డుకి ఎలిపోనాను మేడమ్. పిక్కలు కొట్టినాను. సేతులు పొక్కిపోనాయి."

సరిగ్గా మూడు వాక్యాలు. దమయంతి అలాగే కొట్టింది. ట్యాబు తిప్పి పంపేసింది. "చెల్లని కారణం. జిల్లాలో బాల కార్మికులు లేరు." మాటలు అటూ ఇటూ మార్చి చూసింది. షెడ్డు తీసేస్తే పిక్కలు పట్టుకుంది, పిక్కలు తీసేస్తే పొక్కులు పట్టుకుంది. చివరికి మళ్లీ ఫోను చేసింది.

"ఇది ఒప్పుకోవడం లేదమ్మా. ఇంకేదైనా చెప్పు."

అవతల పిక్కలు కొట్టే చప్పుడు ఆగింది. తర్వాత నీలవేణి అంది: "ఐతే మా బుల్లి బస్సెక్కీసినాదని రాయండి. బుల్లంటే మా మేక. టిక్కెట్టు తియ్యమని కండక్టరు దాన్ని నిలదీసినాడు, నాను ఇడిపించడానికి ఎలిపోనాను."

"మీకు మేకుందా?"

"నేదు మేడమ్."

దమయంతి ఒక్క నిమిషం ఆలోచించి కొట్టింది. "కారణం నమోదైనది. ధన్యవాదాలు" అని ట్యాబు ఆకుపచ్చగా మెరిసింది.

అక్కడినుంచి నీలవేణి రాని ప్రతి రోజూ బుల్లి ప్రయాణం సాగింది. ఇచ్ఛాపురంలో దిగి రేషను కొట్టు దగ్గర వరసలో నిలబడింది. వేలిముద్ర వెయ్యమంటే డెక్క పెట్టింది, మెషీను తీసుకోలేదు. ఓ పెళ్లివారి వ్యానులో ఎక్కి పెళ్లికూతురి దండ నమిలేసింది. రాష్ట్రం సరిహద్దు దాటి బరంపురం చేరింది, అక్కడ దాని భాష ఎవరికీ తెలియలేదు. స్టాఫ్ రూములో టీచర్లు ఇంటర్వెల్‌కి టీ తాగుతూ, "మేక ఎందాకా వచ్చిందండీ?" అని దమయంతిని అడగడం మొదలుపెట్టారు. ఆమె చెప్పేది. నవ్వేవారు. నవ్వు అయిపోయాక దమయంతి మాత్రం టీ సగంలోనే వదిలేసేది. మేక ముందుకు వెళ్లిందంటే పిల్ల ఆ రోజూ రాలేదనే కదా.

సరిగ్గా అప్పుడే కొత్త సబ్జెక్టు వచ్చింది. పేరు "సమకాలీన ప్రపంచ సాహిత్యం, ఉద్భవిస్తున్న డిజిటల్ ప్రక్రియలు". మొదటి భాగం ఇబ్బంది లేకుండా గడిచిపోయింది. పుస్తకాలు చాలక బడికో ఖండం చొప్పున పంచారు. ఉప్పరమెట్టకి అంటార్కిటికా పడింది. అక్కడ రచయితలెవరూ లేరు గనుక పుస్తకం పంపలేదు. సిలబస్ పూర్తయినట్టు ధ్రువపత్రం మాత్రం పంపమన్నారు. హెడ్మాస్టరు బమ్మిడి సింహాచలం గారు అదే రోజు పంపేశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, పై నుంచి ఏ కాగితం వచ్చినా దానికి తగిన కాగితం కింది నుంచి వెళ్లిపోతే రాత్రి హాయిగా నిద్రపోతారు.

రెండో భాగం దగ్గర చిక్కొచ్చింది. డిజిటల్ ప్రక్రియలంటే ఫోనుల్లో పుట్టేవి. పిల్లలు బడికి ఫోను తేకూడదని మరో జీవో ఉంది. అందుకని దమయంతి బోర్డు మీద పెద్ద ఫోను బొమ్మ గీసి, అందులో చాక్‌పీసుతో మెసేజీలు రాసి పాఠం చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లి బోర్డు మీద వేలితో పైకి తోసి, చూశామని చెప్పి కూర్చునేవారు.

ఇలా ఉండగా రాజధానిలో రాష్ట్ర నవీన ప్రక్రియల విభాగానికి ఒక అవసరం పడింది. మన రాష్ట్రంలో ఏ ప్రక్రియ ఉద్భవిస్తున్నదో చూపించమని విదేశీ సభ ఒకటి అడిగింది. విభాగం ఏర్పడి ఏళ్లు గడిచినా ఏదీ ఉద్భవించలేదు. అధికారులు భయపడి ప్రభుత్వ యాప్‌లన్నీ గాలించారు. పింఛన్ల యాప్‌లో వెతికారు, బోరుబావుల యాప్‌లో వెతికారు. చివరికి హాజరు యాప్‌లో, ఉప్పరమెట్ట దగ్గర, మేక కనపడింది.

వారం తిరక్కుండా విభాగం సంచాలకులు డాక్టర్ విశ్వంభరరావు గారు కారు దిగారు. ఆయన మాట్లాడుతుంటే కింద సంతకం, పక్కన ముద్ర కూడా ఉన్నట్టుంటుంది.

"ఇట్టి ప్రక్రియ ప్రపంచ సాహిత్యమునందు ఇంతవరకు నమోదు కాలేదని ఇందుమూలముగా తెలియజేయుటకు సంతసించుచున్నాను" అన్నారు స్టాఫ్ రూములో నిలబడి. "కథిక ఉన్నది. గల్పిక ఉన్నది. ఇకపై గైర్హాజరిక ఉండును. లక్షణములు వ్రాసుకొనుడు. ఒకటి, నాయిక బడియందు ఉండరాదు. రెండు, కారణము నిజము కారాదు. మూడు, మూడు వాక్యములకు తగ్గరాదు."

సింహాచలం గారు శ్రద్ధగా రాసుకున్నారు.

దమయంతి లేచింది. "సార్, ఆ పిల్ల షెడ్డులో పనికెళ్తోందండీ. మీరు ఒక్కమాట చెబితే షెడ్డువాళ్లు వింటారు. పిల్ల బడికొస్తుంది."

సంచాలకుల ముఖం వాడిపోయింది. "అమ్మా, ప్రక్రియ ఇంకను ఉద్భవించుచున్న దశలో ఉన్నది. ఇప్పుడామె బడికి వచ్చినచో మొగ్గలోనే త్రుంచినట్లగును. పూర్తిగా ఉద్భవించనిండు. తదుపరి పరిశీలించెదము."

తర్వాత జరిగినవన్నీ ఒకదాని వెనక ఒకటి గబగబా జరిగిపోయాయి. గైర్హాజరిక పాఠమైంది. పరీక్షలో ఇరవై మార్కుల ప్రశ్నైంది. స్వానుభవం లేని రచనకు మార్కులు వేయరాదని వివరణ వచ్చింది. మూల్యాంకనం చేసేవాళ్లు ముందు హాజరుపట్టీ చూసుకోవాలి. బడి మాననివాడు బడి మానిన కారణం రాస్తే అది గ్రంథచౌర్యం కిందికి వస్తుంది.

మొదటి దెబ్బ కూర్మారావుకి తగిలింది. వాడు తరగతిలో మొదటివాడు. ఒకటో తరగతి నుంచీ ఒక్కరోజు మానలేదు. వాడికి సున్నా వచ్చింది. మర్నాడు పొద్దున్నే వాడి తండ్రి, ఎరువుల కొట్టు ధర్మారావు, కొట్టు తాళాలు చేత్తో పట్టుకునే హెడ్మాస్టరు గదిలోకి వచ్చేశాడు.

"ఏటండీ మేస్టారూ! మావోడు ఏటి తప్పు సేసినాడని సున్నా ఎట్టినారు?"

"రోజూ వచ్చాడండీ" అన్నారు సింహాచలం గారు నొచ్చుకుంటూ.

"రోజూ రావడం తప్పేటి?"

"తప్పని నేననను. మార్కులు రావంతే. రేపొక్కరోజు మాన్పించి చూడండి."

"నానేటని మాన్పిస్తాను? తుఫానొచ్చినప్పుడు గొడుగెగిరిపోనా మానలేదు ఆడు!"

"అదేనండీ ఆ కుర్రాడిలో ఉన్న లోటు" అన్నారు సింహాచలం గారు.

ధర్మారావు దమయంతి వైపు తిరిగి, "మేడమ్ గారూ, మీరైనా సెప్పండి" అన్నాడు. దమయంతి హాజరుపట్టీ తెరిచి చూపించింది. ఆ మరుసటి రోజు ధర్మారావు తన కొడుకుని తనే ఇంట్లో గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. కూర్మారావు మధ్యాహ్నానికల్లా కిటికీలోంచి దూరి, బడి వెనక గోడ దూకి, లెక్కల క్లాసులో కూర్చున్నాడు. అలా గోడ దూకి లోపలికి వచ్చే పిల్లలు మరికొందరు తేలడంతో, వాళ్లని పట్టుకుని ఇంటికి తోలడానికి డ్రిల్లు మాస్టారిని గోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టౌనులో గైర్హాజరిక కోచింగ్ సెంటరు వెలిసింది. అక్కడ రోజూ తప్పకుండా హాజరు కావాలి. ఒక్కపూట మానినా తల్లిదండ్రుల్ని పిలిచి చివాట్లు పెడతారు.

ఈలోగా హాజరు విభాగంవాళ్లకి కోపమొచ్చింది. వాళ్లది నూటికి నూరు శాతం హాజరు లక్ష్యం. పిల్లలు మానితే హెడ్మాస్టరు ఇంక్రిమెంటు ఆగుతుందని వాళ్లు రాశారు. పిల్లలు మానకపోతే ఆగుతుందని ప్రక్రియల విభాగంవాళ్లు అంతకుముందే రాసి ఉన్నారు. సింహాచలం గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని సాయంత్రం దాకా చూశారు. పాపం, ఆ రోజు ఆయన భోజనం చేయలేదు. మర్నాడు ఆయనకి దారి దొరికింది. సైన్సు ల్యాబు గుమ్మం మీద "ఈ గది బడి కాదు" అని పెయింటుతో బోర్డు రాయించారు. సగం తరగతిని అందులో కూర్చోబెట్టారు. గేటు దాటారు గనుక హాజరు. బడిలో లేరు గనుక గైర్హాజరు. రెండు విభాగాలూ అభినందనలు పంపాయి. కాకపోతే బడి కాని గదిలో పాఠం చెప్పకూడదు గనుక ఆ పిల్లలకి పాఠాలు ఆగిపోయాయి. దాని గురించి ఎవరూ రాయలేదు.

దమయంతికి ఇవన్నీ ఓ పక్కకి, నీలవేణి ఓ పక్కకి. పిల్ల ఫోను ఎత్తక మేక బరంపురంలో చిక్కుకుని పక్షం దాటింది. విదేశీ సభ తరఫున ఒక ఆచార్యురాలు స్వయంగా ఉప్పరమెట్ట వస్తున్నారని, ప్రక్రియకు ఆద్యురాలైన బాలికను పరోక్షంలో సన్మానిస్తారని కబురొచ్చింది. పరోక్షంలో అంటే ఆ పిల్ల అక్కడ ఉండకూడదు. ఆ సాయంత్రం దమయంతి బడి అయ్యాక నేరుగా ఆటో ఎక్కి పిక్కల షెడ్డు దగ్గర దిగింది.

షెడ్డు బయట చింకిచాప మీద నీలవేణి, తల్లి సూరమ్మ ఎదురెదురుగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. పిల్ల వేళ్ల కొసలు నల్లగా, తోలు లేచిపోయి ఉన్నాయి. ఫోనులో అంత చలాకీగా మాట్లాడే పిల్ల ఎదురుగా చూస్తే ఇంత చిన్నగా ఉందేమిటనిపించింది దమయంతికి.

"సూరమ్మా, రేపటినుంచి పిల్లని పంపించు" అంది.

సూరమ్మ నోరు తెరిచింది. "అదేటమ్మా, పెద్దసారు కారేసుకొచ్చి మరీ సెప్పినారు కదా. దీన్ని బడికి పంపకండి, పంపకపోతే రాష్ట్రానికి పేరొస్తాదన్నారు. సదువుకుంటే పేరొస్తాదని మీరన్నారు, సదవకపోతే పేరొస్తాదని ఆరన్నారు. నానెవుల మాట ఇనాల?"

నీలవేణి సుత్తి కింద పెట్టి అడిగింది.

"మేడమ్, నా కతలు పుస్తకమేసినారటకదా. ఏదీ, సూపించండి."

విభాగం వేసిన సంపుటి దమయంతి సంచిలోనే ఉంది. అట్ట మీద విశ్వంభరరావు గారి ఫోటో. నీలవేణి మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

"మ... దీ... య... ఛా... ఛాగము... ప్రజా రవాణా శక... శకటము నధి... ఇదేటి మేడమ్? ఇది నాది కాదు."

"నీదేనమ్మా. ఛాగమంటే మేకే."

"మరి బుల్లేది?"

"గ్రామ్యమని వాళ్లు తీసేశారు."

"కండక్టరు?"

"అతను రవాణా సంస్థ ఉద్యోగి కదా, మనోభావాలు దెబ్బతింటాయని తీసేశారు."

నీలవేణి పేజీలు గబగబా తిప్పి దమయంతి చేత చదివించుకుంది. పెళ్లివారి వ్యాను లేదు. దండ నమలడం లేదు. డెక్క పెట్టడం ఉంది గానీ, మెషీను తీసుకుందని ఉంది. పిల్ల ముఖం ఎర్రబడింది. చేతులు పొక్కినప్పుడు కూడా అంత బాధపడి ఉండదు.

"నా మేకని పాడుసేసీసినారు! మీరేటి సేస్తన్నారు మేడమ్? నాను ఫోన్ల సెప్పినట్టే కొట్టీసినారు కదా?"

"నేను నువ్వు చెప్పినట్టే కొట్టాను. తర్వాత నా చేతుల్లో లేదు."

"అయితే నానే రాస్తాను. ఎవులూ ముట్టుకోకుండా రాస్తాను."

"రాయి. కానీ నీకు ఒత్తులు రావు, గుణింతం సగం రాదు" అంది దమయంతి. ఆమెకి ఆ క్షణంలో అంతకంటే మంచి మాట తోచలేదు.

నీలవేణి ఆమె వైపు అనుమానంగా చూసింది. "ఒత్తులు నేర్వాలంటే ఎన్నాళ్లు పడతాది?"

"రోజూ వస్తే త్వరగానే."

పిల్ల పావడా దులుపుకుని లేచి నిలబడింది. "అమ్మా, నా యూనిఫారం ఎక్కడెట్టినావు?" అంది.

సన్మానం మర్నాడే. బడి ఆవరణలో షామియానా వేశారు. వేదిక మధ్యలో ఖాళీ కుర్చీ. దానికి పూలదండ వేస్తే చనిపోయినట్టుంటుందని సింహాచలం గారు వద్దన్నారు. శాలువా మాత్రం సిద్ధంగా పెట్టారు. చలిదేశపు ఆచార్యురాలు విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు. పక్కనే ఇంగ్లీషు మాస్టారు దుబాసీగా నిలబడ్డారు. విశ్వంభరరావు గారు ఉపన్యాసం మధ్యలో ఉండగా గేటు తెరుచుకుంది. పొట్టైపోయిన యూనిఫారంలో, భుజానికి సంచి తగిలించుకుని నీలవేణి నడిచి వచ్చింది. డ్రిల్లు మాస్టారు ఆపబోయి, గేటులోంచి వచ్చేవాళ్లని ఆపమని తనకెవరూ చెప్పలేదని గుర్తొచ్చి ఆగిపోయారు.

"ఈ బాలిక ఎవరు?" అన్నారు సంచాలకులు.

"నీలవేణండీ" అంది దమయంతి.

"నీలవేణి గైర్హాజరు కదా."

"నానే సార్, వచ్చినాను."

"నీవు రావచ్చును. అభ్యంతరము లేదు. కానీ రికార్డు ప్రకారము నీలవేణి రాలేదు. ఆమెకే సన్మానము. నీవు పక్కకు జరిగినచో ఆమెకు శాలువా కప్పెదము."

ఆచార్యురాలు ఏం జరుగుతోందని అడిగారు. ఇంగ్లీషు మాస్టారు రెండుమూడు రకాలుగా మొదలుపెట్టి, ఏ రకంగానూ పూర్తిచేయలేక, "రచయిత్రి వచ్చిందండీ" అని మాత్రం చెప్పారు. ఆవిడ వెంటనే లేచి వేదిక దిగి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఆ వేళ్లు చూసి ఒక్క క్షణం ఆగారు. తర్వాత మెల్లగా ఏదో అడిగారు.

"మేక ఇప్పుడెక్కడుందని అడుగుతున్నారమ్మా" అన్నారు ఇంగ్లీషు మాస్టారు.

"బరంపురంలనే ఉన్నాది. నాకు రాయడం వచ్చేదాకా అక్కడే ఉంటాది" అంది నీలవేణి.

విశ్వంభరరావు గారు ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆచార్యురాలు మాత్రం కొట్టలేదు, పిల్ల చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

వారం తర్వాత మెమో వచ్చింది. "ప్రక్రియకు ఆద్యురాలైన బాలికను పై అధికారుల అనుమతి లేకుండా బడికి రప్పించి, ప్రపంచ సాహిత్యమునకు తీరని నష్టము కలిగించినందుకు తమపై ఏల చర్య తీసికొనరాదో తెలుపవలెను." దమయంతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. చదివినకొద్దీ భయం తగ్గింది. "నేను ఆమెకు ఒత్తులు నేర్పుతున్నాను" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేసింది. సింహాచలం గారు దాన్ని చూసి, "కింద 'విధేయురాలు' అని చేర్చమ్మా" అన్నారు. చేర్చింది.

చర్య ఏదీ రాలేదు. నీలవేణి వెనకాలే షెడ్డునుంచి మరో నలుగురు పిల్లలు వచ్చారు. ఆచార్యురాలు ఆ వేళ్ల గురించి తన దేశంలో ఏమి రాశారో గానీ, షెడ్డువాళ్లు పిల్లల్ని రానివ్వడం మానేశారు. "ఈ గది బడి కాదు" బోర్డు తిరగేసి, దాని మీద మధ్యాహ్న భోజనం మెనూ రాశారు. కూర్మారావు గేటులోంచే రావడం మొదలుపెట్టాడు. పిల్లలంతా రోజూ వస్తుండటంతో గైర్హాజరికలు రాసేవాళ్లు లేకపోయారు. ఉద్భవిస్తున్న ప్రక్రియ ఏడాదైనా తిరక్కుండానే అంతరిస్తున్న ప్రక్రియగా మారిందని గుర్తించి, ప్రభుత్వం దాన్ని పురావస్తు విభాగానికి బదిలీ చేసింది.

విశ్వంభరరావు గారు నిరుత్సాహపడే మనిషి కారు. ఆరునెలల పరీక్షలకు ముందే ట్యాబులో మరో గడి ప్రత్యక్షమైంది: "హాజరుకు కారణం". బడికి వచ్చిన ప్రతి విద్యార్థీ ఎందుకు వచ్చినదీ కనీసం మూడు వాక్యాలలో వివరించాలి. ఈసారి ప్రక్రియ పేరు హాజరిక. పిల్లలు వరసలో నిలబడి చెప్పసాగారు. ఒకడు గుడ్డు కోసం వచ్చానన్నాడు. ఒకర్తె ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకోలేక వచ్చానంది. కూర్మారావు ఎంత ఆలోచించినా కారణం తోచక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నీలవేణి వంతు వచ్చింది. దమయంతి కొట్టబోయింది.

"ఇలాగివ్వండి మేడమ్, నాను కొడతాను" అని పిల్ల ట్యాబు ఒళ్లో పెట్టుకుంది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, ఒత్తు దగ్గర ఆగి పెదాలు కదుపుకుంటూ కొట్టింది.

"బడి ఉందని వచ్చాను."

ట్యాబు ఎర్రబడింది. "కారణం అసంపూర్ణం. కనీసం మూడు వాక్యాలలో వివరించగలరు."

నీలవేణి దానివైపు కాసేపు చూసింది. దమయంతి సాయం చేయబోయి ఆగింది. పిల్ల మళ్లీ వంగి కొట్టడం మొదలుపెట్టింది.

"బడి ఉందని వచ్చాను. రేపూ ఉంటే రేపూ వస్తాను. మీరేటి చేస్తారు?"

కారణం నమోదైంది.